లింగవ్వ అమ్మిన అడ్డసరం

లింగవ్వది రామగిరి గుట్ట కింది పల్లె. మగడు పోయినప్పటి నుంచి ఆకులు, వేర్లు అమ్ముకునే బతికింది. గుట్ట మీద అడ్డసరం తెల్లగా పూసిన రోజుల్లో బొగ్గుబాయి కార్మికులుండే మా సెంటినరీ కాలనీకి మూటతో వచ్చేది. ఆకు కాచి తాగితే దగ్గు, వేడిచేసి కడితే కీళ్లనొప్పి తగ్గుతాయనేది.

"మేకలు సుత ముట్టయి, గంత చేదు. మీ మొగోళ్లు తాగుతరా?" అని నవ్వేది.

మా ఆయన రాయమల్లుకు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ల డ్యూటీ. దగ్గుతో కూర్చునే నిద్రపోయేవాడు. ఆ దగ్గు మీదే మా ఇంటి ఆశ. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే ఆయన నౌకరీ మా బిడ్డ మమతకు వస్తుంది. సర్వీసు ఎక్కువ మిగల్లేదు, ఈసారి ఫిట్ అంటే బోర్డుకు మళ్లీ పిలవరు.

బోర్డుకు పది రోజులుందనగా, ఆయన ఎదురొమ్ము పట్టుకుని వంగిపోతుంటే చూడలేకపోయాను. లింగవ్వ దగ్గర ఆకు తీసుకుని మిరియాలు వేసి కాచాను. "కడుపు సాఫ్ అయితది, తాగు" అని అబద్ధమాడి పోశాను. కఫం తెగింది. చాలా కాలానికి ఆయన వెల్లకిలా పడుకున్నాడు.

బోర్డు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూలబడ్డాడు.

"ఫిట్ అన్నరు. దగ్గుమంటే దగ్గే రాలె. ఏం పోసినవే నాకు?"

చెప్పాను. తిట్టలేదు. మర్నాడు గ్లాసు ఇస్తే మోరీలో పారబోశాడు.

"ఇగ దీంతోని ఏం పని?"

రిటైరైన ఐదో నెలలో, దగ్గుతూనే పోయాడు. మమత గోదావరిఖనిలో చీరల దుకాణంలో పొద్దంతా నిలబడుతుంది. నాతో ఎక్కువ మాట్లాడదు.

పలకరించడానికొచ్చిన లింగవ్వకు సంగతంతా చెప్పాను.

"ఒక్క మాట చెప్తే ఇయ్యకపోదును గద బిడ్డా!"

"నువ్వు అడిగినవా అవ్వా?"

అప్పటి నుంచి అడగనిదే ఎవరికీ ఇవ్వదు. పోయినేడు పక్క క్వార్టర్ సారవ్వ మగడి దగ్గుకని చెయ్యి చాస్తే మూట ముడి విప్పనే లేదు.

"బోర్డు అయ్యిందా?"

"వచ్చే నెల."

"గప్పుడే రా. గప్పటిదాంక దగ్గనియ్యి."

సారవ్వ మగడు ఎల్లేశం అన్‌ఫిట్ అయ్యాడు. కొడుక్కు నౌకరీ వచ్చింది. మిఠాయి మా ఇంటికీ పంపారు. ఇప్పుడు లింగవ్వ రెండు రోజులకోసారి వాళ్లకు ఆకు తెచ్చిస్తోంది. ఎల్లేశం తాగుతూనే ఉన్నాడు. కఫం మాత్రం కదలడం లేదు.