కదలమని మొక్కిన కణాలు

క్యాన్సర్ కణం మహా చురుకైనదని, ఎంత ఇరుకులోంచైనా దూరిపోతుందని పుస్తకాలన్నీ చెబుతాయి. పంజాగుట్టలోని మా ల్యాబ్‌లో మాత్రం అది కొత్త అల్లుడిలా కూర్చుంది. వెంట్రుక కన్నా సన్నని కాలువలున్న చిప్ ఒకటి మేమే పోతపోసి చేశాం. చిప్‌లో కాలువలకు ఇవతలి గదిలో కణాల్ని పస్తు పెట్టి, అవతలి గదిలో ఆహారం పోస్తే, అవి కాలువలోంచి అటు పాకాలి. ఎలా పాకుతాయో తెలిస్తే ఆపే మందు వెతకొచ్చు. అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర కోచింగ్ పిల్లలు ఇంతకన్నా ఇరుకులో సంచీలతో సహా దూరిపోతారు. మా కణాలకు ఆపాటి పౌరుషం కూడా లేదు.

సోమవారం సమీక్ష. అప్పటికి కదలకపోతే ప్రాజెక్టు మూత, నా పీహెచ్‌డీ గోవిందా. మా గైడు గారు రోజూ వచ్చి, కణాలు నా మీదే అలిగినట్టు నన్ను నిలదీసేవారు.

కణాల్ని సాకే పని మా ల్యాబ్ టెక్నీషియన్‌ది. బల్కంపేట ఆవిడ, అందరం అక్కా అనేవాళ్లం. ఆవిడ సొంత అక్కకు రొమ్ము క్యాన్సర్, దగ్గర్లోని ఆసుపత్రిలోనే వైద్యం. మధ్యాహ్నం అక్కడ క్యారియర్ ఇచ్చి, ఇంకోటి మాకు తెచ్చి పెట్టేది. వద్దంటే వినే రకం కాదు.

శనివారం అసలు సంగతి బయటపడింది. రోజూ ఇంటికి వెళ్లేముందు ఆవిడ పస్తు గదిలో కూడా ఆహారం పోస్తోంది. ఏంటక్కా ఇది అని అడిగితే, తప్పేముందన్నట్టు చూసింది.

"పానమున్నదాన్ని ఎండవెడ్తరా తమ్మీ? జర అటు సుత పోసిన."

ఊళ్లను వణికించే జబ్బుకు మా ల్యాబ్‌లో నిత్యాన్నదానం జరుగుతోందన్నమాట. నాకు ఒళ్లు మండింది. కొత్త చిప్ తీసి నేనే పస్తు పెట్టాను. ఆదివారానికి కణాలు బారులు తీరి కాలువల్లోకి దూరాయి.

గైడు గారు మిఠాయి తెప్పించారు. క్యాన్సర్ పాకిందని మిఠాయి పంచుకున్నవాళ్లు హైదరాబాదు మొత్తమ్మీద మేమే అయ్యుంటాం. మా ల్యాబ్ అక్క ఆసుపత్రి నుంచి వచ్చి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. డబ్బా చాపితే తీసుకోలేదు.

"ఎల్లమ్మకు రెండు మొక్కులు మొక్కిన తమ్మీ. ఈడ కదలాలని, మా అక్క ఒంట్ల కదలొద్దని. అక్కకు ఊపిరితిత్తులల్లకు పోయిందట. పొద్దుగాల చెప్పిండ్రు."

చేతిలో ఉన్న ముక్క తిరిగి డబ్బాలో పెట్టేశాను. సిగ్గేసింది. అవతల గైడు గారు, సమీక్షకు ఇంకో చిప్ కూడా సిద్ధం చేయమంటున్నారు.

అక్క గ్లౌజులు తొడుక్కుని చిప్ తీసింది. ఈసారి పస్తు గదిలో చుక్క ఆహారం పోయలేదు.