సార్, ప్లేటు!

షామీర్‌పేట దగ్గర ఓ క్రైస్తవ కాలేజీ మెస్‌లో వంట చేస్తాను. అక్కడ ఎవరి ప్లేటు వాళ్లే కడుక్కోవాలి. కెన్యా నుంచి చదువుకోడానికి వచ్చిన డేనియల్ మొదటిరోజు టిఫిను తిని ప్లేటు బల్లమీదే వదిలేశాడు. మధ్యాహ్నం ఆ ఎండిన ప్లేటే అతని ముందు పెట్టి, "కడుక్కొస్తెనే బువ్వ" అన్నాను. గుర్రుగా చూసి కడుక్కొచ్చాడు.

మూడేళ్ల తర్వాత, వీడ్కోలు ప్రార్థనలో సాక్ష్యం చెబుతూ, "ఇంట్ల గిలాస గుడ కడగలే నేను. మెస్ల అమ్మనే నన్ను మనిషిని జేసింది" అన్నాడు, అచ్చం మా యాసలో. అందరూ నావైపు తిరిగితే సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత విందులో ప్రిన్సిపాల్ సార్ ఎప్పటిలాగే ప్లేటు వదిలి లేచారు.

"సార్, ప్లేటు!" అన్నాడు డేనియల్.

సార్ నవ్వేసి, ప్లేటు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచారు.

పదిహేనేళ్లుగా నా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అది.