మూసిన క్వార్టర్లో కుట్టుమిషను

ఎవాంజలిన్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగు బడిలో లెక్కలు చెబుతుంది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాల్ ఊరికి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రెండో కాన్పు తర్వాత పెరిగిన ఒళ్ళు ఆమెకు మళ్ళీ తగ్గలేదు. సుగరు వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేచేది. చివరికి కోల్‌కతాలో ఒక డాక్టరు బరువు తగ్గే ఆపరేషన్ చేద్దామన్నాడు. ముందు ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె ఎలా ఉందో చూడాలనీ, అప్పటిదాకా రోజూ కొంచెం నడక అలవాటు చేసుకోమనీ చెప్పాడు.

ఆ చలికాలం బడి వదిలాక, పొద్దువాలే వేళ నడక మొదలుపెట్టింది. భర్త విల్‌ఫ్రెడ్ గూడ్సు గార్డు. డ్యూటీ లేని రోజుల్లో అతనూ తోడు వచ్చేవాడు.

వాళ్ళ వీధి చివర ఖాళీ చేయించిన పాత క్వార్టర్లు ఒక వరస ఉన్నాయి. కిటికీలకు చెక్కలు కొట్టి, తలుపులకు తాళాలు వేశారు. అన్నిటికంటే చివరిది జ్ఞానరత్నంది. పెళ్ళయినప్పటినుంచీ ఎవాంజలిన్ బట్టలు కుట్టింది ఆమే. కొలత తీసేటప్పుడు టేపు మీది అంకె ఎన్నడూ పైకి చదివేది కాదు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఎవాంజలిన్ జాకెట్టు కోసం ఆ ఇంటికి వెళ్ళింది. గేటు దగ్గర ఉండగానే లోపల మిషను చప్పుడు వినిపించింది. వేగంగా నడుస్తూ ఒక దెబ్బ తప్పింది. మళ్ళీ నడిచి, మళ్ళీ తప్పింది. తర్వాత ఆగిపోయింది. లోపలికి వెళితే జ్ఞానరత్నం మిషను బల్ల మీద తల వాల్చి ఉంది. నిద్రపోతోందేమోనని ఎవాంజలిన్ కాసేపు అరుగు మీద కూర్చుంది. ఎంతకీ లేవకపోతే అప్పుడు వెళ్ళి భుజం తట్టింది. గుండె ఆగి అప్పటికే పోయిందన్నారు.

ఇప్పుడు, పొగమంచు తొందరగా దిగిన ఒక సాయంత్రం, ఆ వరస దగ్గరికి రాగానే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ఎవరో కొత్తగా దిగారనుకుంది. దగ్గరికి వెళితే తాళం అలాగే ఉంది. చప్పుడు తలుపు వెనక నుంచే వస్తోంది. ఆమె గుమ్మం ముందు నిలబడేసరికి, బేరం వచ్చిందని మిషను తొక్కుడు మీంచి కాలు తీసేసినట్టు ఆగింది.

మర్నాడు విల్‌ఫ్రెడ్‌ని తీసుకెళ్ళింది.

"ఇనపడతందా?"

"ఏటి?"

"జ్ఞానరత్నం అక్క మిషను."

విల్‌ఫ్రెడ్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఆ మిషను ఆళ్ళబ్బాయి సాలువా ఊరోళ్ళకి అమ్మేసినాడు కదా. నానే దగ్గరుండి రిక్షా ఎక్కించినాను. లోపల ఏటీ లేదు."

అతను మాట్లాడుతున్నంతసేపూ ఆమెకు అది వినిపిస్తూనే ఉంది.

ఒంటరిగా వెళ్ళిన రోజుల్లో ఆమె ఒక సంగతి కనిపెట్టింది. తను నెమ్మదిగా నడిస్తే మిషనూ నెమ్మదే. ఆయాసపడితే అదీ పరుగు తీస్తుంది. వీధి మార్చి చూసింది. అక్కడా వినిపించింది, గోడ అవతల నుంచి వచ్చినట్టు. భయపడింది గానీ నడక మానలేదు. మానితే ట్రెడ్‌మిల్ పరీక్షలో నిలబడలేనన్న భయం ఇంకా పెద్దది.

పరీక్షకు ముందురోజు టీ, కాఫీ ముట్టుకోలేదు. డాక్టరు ఆపమన్న మాత్ర ఆపింది. తెల్లవారి లోకల్ రైల్లో ఇద్దరూ హౌరా మీదుగా కోల్‌కతా వెళ్ళారు. ఆసుపత్రిలో ఛాతీ మీద జిగురు బిళ్ళలు అంటించి తీగలు తగిలించారు. టెక్నీషియను బెంగాలీ కుర్రవాడు. విల్‌ఫ్రెడ్‌ని బయట కూర్చోమని, ట్రెడ్‌మిల్ పట్టా నడిపించాడు. మొదట తేలిగ్గానే ఉంది. తర్వాత వేగం పెంచాడు, ముందువైపు ఎత్తు పెంచాడు. ఎవాంజలిన్ కడ్డీ గట్టిగా పట్టుకుంది.

అప్పుడు గది మూల నుంచి మిషను మొదలైంది. వేగంగా నడుస్తూ ఒక దెబ్బ తప్పింది.

ఆమె తల తిప్పింది. మూలలో స్టాండుకి తగిలించిన తన చున్నీ తప్ప ఏమీ లేదు.

మళ్ళీ తప్పింది.

"దాదా, రోకో," ఆపమంది.

"దర్ద్ హో రహా హై, దీదీ?"

నొప్పి లేదని తల అడ్డంగా ఊపింది. "రోకో."

"థోడా ఔర్. గ్రాఫ్ ఠీక్ హై," ఇంకాస్తే, గీతలు బాగానే ఉన్నాయంటూ అతను తెరవైపు తిరిగాడు. మాట పూర్తికాకుండానే గీతలు వంకర్లు పోయాయి. అతని చెయ్యి ఎర్ర బటను మీద పడింది.

గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని తేలింది. స్టెంటు వేశారు. బరువు ఆపరేషన్ వాయిదా పడింది. సుగరు ఉన్నవాళ్ళకు ఒక్కోసారి నొప్పి తెలియదు, మీకెలా తెలిసిందని డాక్టరు అడిగాడు. ఆయాసంగా అనిపించిందని చెప్పింది. విల్‌ఫ్రెడ్‌కి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు అతనే ఎవరినో అడిగి ఆ క్వార్టరు తాళంచెవి తెచ్చాడు. ఇద్దరూ వెళ్ళి తలుపు తీశారు. లోపల ఖాళీ. నేలంతా దుమ్ము, ఎక్కడా అడుగు జాడ లేదు. కిటికీ కింద, మిషను తొక్కే కాళ్ళు ఆడే చోట మాత్రం నేల నున్నగా, శుభ్రంగా ఉంది. విల్‌ఫ్రెడ్ వంగి అక్కడ చెయ్యి ఆనించి, చప్పున తీసేసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"పద," అన్నాడు.

మరుసటి సంవత్సరం ఆపరేషన్ అయింది, బాగానే అయింది. ఆ క్వార్టర్లు కూలగొట్టేశారు. ఎవాంజలిన్‌కి ఆ చప్పుడు మళ్ళీ వినిపించలేదు. సాయంత్రాలు ఇద్దరూ ఆ దారినే నడుస్తారు. ఆ చోటుకి రాగానే విల్‌ఫ్రెడ్ మాట్లాడుతున్నవాడల్లా ఆగి, ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచుతాడు. ఎందుకని ఆమె అడగదు. మర్నాడే అతన్ని డాక్టరు దగ్గరికి బయలుదేరదీయాలని రోజూ అనుకుంటుంది.