జోరీగ ఆగే వైపు

పూతరేకుల అట్టపెట్టె మూత తీయగానే ముక్కు నేతి వాసన కోసం వెతికింది. ఎక్కడిది? అందులో పూతరేకులు ఖాళీ అయి ఏళ్ళు గడిచాయి. వచ్చిందల్లా సోల్డరింగ్ పొగ వాసన, పాత రాగితీగల వాసన. ఆత్రేయపురంలో ఒక పెళ్ళికి వాయించినప్పుడు వాళ్ళిచ్చిన పెట్టె అది. రేకులు వ్యానులోనే అందరం తినేశాం. పెట్టె మాత్రం మా ఆర్కెస్ట్రా నడిపే సత్తిబాబు గారు తీసుకుని స్క్రూలు, వైరు ముక్కలు, పాడైపోయిన పికప్పులు అందులో దాచుకున్నారు. కిందటి వర్షాకాలంలో ఆయన పోయాక వాళ్ళావిడ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇందులో ఏది పనికొచ్చేదో, ఏది పారేసేదో నీకే తెలుస్తుందమ్మా" అన్నారు. నాకేం తెలుసు, నా మొహం! ఇంతవరకూ ఒక్క స్క్రూ కూడా పారేయలేదు.

పొద్దుటి నుంచి ఒక్క చోట కూర్చోలేకపోతున్నాను. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. బల్ల మీద నా బేస్ గిటారు తీగలు విప్పేసి ఉంది. దాని పక్కన కొత్త పికప్పులు, మూడు రకాలు. ఎల్లుండి సాయంత్రం కోరుకొండ దారిలో ఒక ఊళ్ళో ప్రోగ్రాం. గిటారులో ఉన్న పాత పికప్పుల్లో ఒకటి మొన్న పూర్తిగా మూగబోయింది. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటాను, పెట్టేస్తాను, కిటికీ దగ్గరికి వెళ్తాను, మళ్ళీ వస్తాను. ఇంట్లో వాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ.

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. బేస్ కూడా గిటారే, కానీ తీగలు నాలుగే, లావుగా ఉంటాయి. పాటలో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు. అది లేకపోతే మాత్రం పాట కింద నేల లాగేసినట్టు ఉంటుంది. ఆ తీగల కింద నల్లటి బద్దల్లా కనిపించేవే పికప్పులు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ. పైన తీగ ఎలా కదిలితే అలా అవి అందుకుని స్పీకరుకి పంపిస్తాయి. చిక్కేమిటంటే పాత రకం పికప్పులు తీగనే కాదు, దగ్గరలో ఉన్న సీరియల్ లైట్లనూ జనరేటర్‌నూ కూడా అందుకుంటాయి. వాయించకపోయినా స్పీకర్లో జుయ్‌మని ఒకటే మోత. బయట దాన్ని హమ్మింగ్ అంటారు. సత్తిబాబు గారు జోరీగ అనేవారు.

సత్తిబాబు గారికి కడియంలో పూలమొక్కల నర్సరీ, రాజమండ్రిలో ఆర్కెస్ట్రా. ఏది అసలు పని, ఏది కొసరో ఆయనకే తెలియదు. కీబోర్డు నిలబడే వాయించేవారు. కుర్చీ వేస్తే, "కూర్చుంటే నాకు పాట రాదండి" అని పక్కకి నెట్టేసేవారు. కాలు ఆడుతూనే ఉండేది, నోరూ ఆడుతూనే ఉండేది. వాళ్ళ బేస్ కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయినప్పుడు, మా కాలేజీ వార్షికోత్సవంలో నన్ను చూసి పిలిపించారు. ఆడపిల్ల బేస్ వాయించడమేంటని ట్రూపులో అందరూ గొణిగారు. ఆయన అడిగింది మాత్రం, "బరువు మోయగలవా అమ్మడూ? వ్యానులోంచి స్టేజీ దాకా ఎవరిది వాళ్ళే మోసుకోవాలి మరి" అని. మోయగలనన్నాను. అంతే, చేరిపోయాను.

మా నాన్న ధవళేశ్వరం దగ్గర గోదావరిలో వల వేసే మనిషి. నన్ను వద్దనలేదు, సరేననీ అనలేదు. "స్టేజీ ఎక్కుతానంటే ఎక్కు. నన్ను మాత్రం రమ్మనకు" అన్నాడు. నాన్న ఒక్కసారి వచ్చి చూస్తే చాలని నా ఆరాటం. అప్పట్లో నాకింకో కోరిక లేదంటే నమ్మండి.

మొదటి ప్రోగ్రాం ఒక జాతరలో. స్టేజీకి అటూ ఇటూ కొబ్బరిచెట్ల ఎత్తున లైటింగ్ బోర్డులు, వాటి మీద దేవుళ్ళు వెలుగుతూ ఆరుతూ ఉన్నారు. నేను గిటారు తగిలించగానే జోరీగ లేచింది. పాడే అమ్మాయి చెవులు మూసుకుంది. నాకు చెమటలు పట్టేశాయి. సత్తిబాబు గారు కీబోర్డు వదిలేసి వచ్చి నా భుజాలు పట్టుకుని, "తిరుగమ్మడూ, మెల్లిగా తిరుగు, గిరగిరా కాదు" అన్నారు. తిరిగాను. మోత పెరిగింది, తగ్గింది, ఒక చోటికి వచ్చేసరికి ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. "ఆగు! అక్కడే! కదిలావంటే చంపేస్తాను" అని జేబులోంచి పొట్లం తీసి, నా చెప్పుల పక్కన ముగ్గుపిండితో రెండు గీతలు గీశారు. "ఈ రోజుకి నీ ఇల్లు ఇదే." ముగ్గుపిండి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. ప్రతి ఊళ్ళోనూ నన్ను తిప్పేవారు, ఆగిన చోట గీతలు గీసేవారు. ఆ రోజు నా ఇల్లు ఎటు తిరిగిందో తెలుసా? జనరేటర్ వైపు. జనానికి నా వీపు.

నెలలు అలాగే గడిచాయి. ఒక రోజు నాన్న చెప్పకుండా వచ్చి, జనంలో నిలబడి చూసి, చెప్పకుండానే వెళ్ళిపోయాడట. మర్నాడు వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా అడిగాడు.

"అంత సిగ్గేసే పని ఎందుకు చెయ్యడమే?"

"సిగ్గేంటి నాన్నా?"

"నా పక్కనోళ్ళు కూడా అన్నారు. ఆ పిల్ల సిగ్గుపడి అటు తిరిగిపోయింది, పాపం, ఇంట్లో ఎవరో బలవంతంగా పంపుతున్నారు కాబోలని. తలెత్తుకోలేకపోయాను."

నా ప్రాణం చచ్చిపోయింది. లైట్లనీ, అయస్కాంతమనీ, జోరీగనీ ఏదేదో చెప్పాను. నాన్న "సర్లే" అన్నాడు. నాన్న సర్లే అంటే నమ్మలేదని అర్థం. కోపంతో అన్నం మానేశాను. సాయంత్రం తిన్నగా సత్తిబాబు గారి నర్సరీకి వెళ్ళి, కనకాంబరం మొక్కల మధ్య నిలబడి, పికప్పులు మార్చకపోతే రేపటి నుంచి రానని చెప్పేశాను. ఆయన చేతిలో నీళ్ళ పైపు అలాగే కారిపోతోంది.

"నీకు పికప్పులు కావాలా, మీ నాన్నగారు కావాలా?"

"రెండూ!"

"గట్టిదానివే" అని నవ్వి, ఆ వచ్చిన ఆదివారమే రాజమండ్రిలో సంగీత వాయిద్యాల కొట్టుకి తీసుకెళ్ళారు. పికప్పులు ఎంచడంలో ఆయనదొక పద్ధతి. నన్ను కొట్లో వాయించమని, తాను రోడ్డు దాటి అవతల బజ్జీల బండి దగ్గర నిలబడ్డారు. "స్టేజీ మీద అన్నీ బానే వినబడతాయమ్మా. బేస్ బజ్జీలోడి దాకా రావాలి. ఆడి తలకాయ ఊగిందా, అదే మంచి పికప్పు." కొట్టతను విసుక్కుంటూనే తన దగ్గరున్న గిటార్లన్నీ ఒక్కోటీ తగిలించాడు, ఒక్కోదానిలో ఒక్కో రకం. ఈయన మిరపకాయ బజ్జీ నములుతూ అక్కడి నుంచే చెయ్యి ఊపారు. మూతి విరిస్తే వద్దని. ఒకదానికి బజ్జీ పైకెత్తి చూపించారు. ఆ రకం జతే కొన్నాం.

ఆయనే బిగించారు. అదీ తొందరే. నర్సరీలో అటు మొక్కల లారీ వెళ్ళాలి, ఇటు సోల్డరింగ్ ఐరన్ కాలుతోంది. ఒక పికప్పుతో తీగ మీటి చూశారు, బాగుంది. రెండోదానితో మీటి చూశారు, అదీ బాగుంది. "రెండూ పలుకుతున్నాయి, ఇంకేం కావాలి!" అని మూత బిగించేశారు. రెండూ కలిపి వినాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఆ వారమే కోరుకొండ దారిలోని ఊళ్ళో ప్రోగ్రాం. నాన్నను బతిమాలి, అలిగి, ఏడ్చి ఒప్పించాను. ఇంకా పొద్దు వాలకముందే లైట్లు వేసి చూస్తున్నారు. గిటారు తగిలించి రెండు పికప్పుల వాల్యూమూ పెంచాను. జోరీగ లేదు! జనం వైపు తిరిగాను, లేదు. పక్కకి తిరిగాను, లేదు. "చచ్చిందిరా జోరీగ!" అని సత్తిబాబు గారు స్టేజీ మీద గంతేశారు. ముందు వరుసలో తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్న నాన్న మొహం నాకు సూటిగా కనబడింది. నేను నవ్వాను. నాన్న కూడా నవ్వాడనే అనుకున్నాను.

తీరా వాయించేసరికి బేస్ లేదు. తీగ కదులుతోంది, స్పీకర్లోంచి సన్నటి కూత తప్ప ఏమీ రావడం లేదు. సత్తిబాబు గారు జనం వెనకున్న బజ్జీల బండి దాకా పరిగెత్తి, పరిగెత్తుకుంటూ తిరిగి వచ్చారు. "దోమ పాడినట్టుందమ్మా!" స్పీకరు మార్చారు, వైరు మార్చారు. చివరికి ఒక పికప్పు వాల్యూమ్ కట్టేస్తే ఒళ్ళు జలదరించేంత బేస్ వచ్చింది, దానితో పాటే జోరీగా వచ్చింది. రెండోది ఒక్కటే ఉంచినా అంతే. రెండూ కలిస్తే రెండూ మాయం. అప్పుడు ఆయన నెత్తి కొట్టుకున్నారు. బిగించిన రోజు తొందరలో ఒకదానికి వైర్లు తిరగేసి కలిపేశారు. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. జోరీగా పోయింది, దానితో బేసూ పోయింది. మళ్ళీ కలపడానికి ఐరన్ కడియంలో ఉంది.

"నేను ఇలాగే వాయిస్తానండీ. దోమైనా పర్లేదు" అన్నాను.

"కింద బేస్ లేకపోతే ఆ పాడే పిల్ల శ్రుతి ఎక్కడ పెట్టుకుంటదమ్మా?"

"నేను అటు తిరగనండీ! ఈ రోజు మాత్రం తిరగను!"

ఏడుపొచ్చేసింది. ఆయన తిట్టలేదు. కాలు ఆడించడం కూడా ఆపేసి, కాసేపు నాన్న వైపు, కాసేపు జనరేటర్ వైపు చూశారు. "మీ నాన్నగారు నీ మొహం చూడాలి. నువ్వేమో అటు తిరగాలి. అంతేగా? ముందు నువ్వు తిరుగు, తర్వాత సంగతి నాకొదిలెయ్" అన్నారు. ఒక పికప్పు కట్టేసి తిరిగాను. మోత ఆగిన చోట ముగ్గుపిండి గీతలు పడ్డాయి. ఎదురుగా జనరేటరు, డీజిలు పొగ, దాని పక్కన ఖాళీ గడ్డి నేల.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఆ పొగలోంచి సత్తిబాబు గారు వస్తున్నారు, నెత్తి మీద ప్లాస్టిక్ కుర్చీ. వెనకాల మా నాన్న.

"ఇటండీ, ఇటు రండి. మీ అమ్మాయి ఈ వైపే చూస్తదండి. కుర్చీ ఇక్కడేసుకుందాం." కుర్చీ వేసి, నా వైపు అరిచారు. "అమ్మడూ, ఒకసారి జనం వైపు తిరుగు!" తిరిగాను. జోరీగ ఊరంతా మోగింది. "ఇప్పుడు ఇటు!" తిరిగాను. ఆగిపోయింది. "విన్నారాండీ? సిగ్గు కాదండి, లైట్లండి. మీ అమ్మాయికి సిగ్గేంటండీ, నన్నే బెదిరించింది నర్సరీకొచ్చి!"

నాన్న కుర్చీ నా వైపు సర్దుకున్నాడు. కూర్చున్నాడు. ప్రోగ్రాం అయ్యేదాకా ఆ పొగలో, ఆ రొదలో నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు బండి మీద వెనక్కి తిరగకుండానే, "కాళ్ళ కింద నేల అదిరిందే" అన్నాడు. నేను నాన్న వీపుకి తల ఆనించి, ఇల్లు వచ్చేదాకా ఏడ్చాను.

మర్నాడు సత్తిబాబు గారు వైర్లు సరిచేశారు. బేస్ వచ్చింది, జోరీగా తిరిగొచ్చింది. నేను మళ్ళీ పికప్పుల ఊసెత్తలేదు. ఏ ఊరికి వెళ్ళినా ముందు నన్ను తిప్పడం, తర్వాత నాన్న కుర్చీ అటు వేయడం. వాళ్ళిద్దరికీ అదొక సరదా అయిపోయింది. "ఈ రోజు ఏ దిక్కండీ?" అని నాన్న, "ఈ రోజు చెత్తకుండీ దిక్కండి, తప్పదు" అని ఈయన.

అందుకే బల్ల మీద మూడు జతలు పెట్టుకుని ఇలా కొట్టుమిట్టాడుతున్నాను. మొదటిది అచ్చం పాత రకమే, జోరీగతో సహా. రెండోది జంట చుట్లది, లోపలే మోతను చంపుకుంటుంది. మూడోది బ్యాటరీతో నడిచేది. పాత రకం పెడితే సత్తిబాబు గారు ఉన్నట్టుంటుందని ఒక మనసు. ఆయనే ఉంటే, "జోరీగను పెంచుకుంటావేంటమ్మా, పిచ్చా?" అనేవారని ఇంకో మనసు. చాలు, ఇక్కడ కలం పెట్టేసి లేస్తున్నాను.

ప్రోగ్రాం అయ్యాక మిగతాది రాస్తున్నాను. ఆ రోజే నాన్నను రోడ్డు అవతల నిలబెట్టి, మూడూ ఒక్కోటిగా బిగించి వినిపించాను. బజ్జీల బండి లేదు, మజ్జిగ కొట్టు ఉంది. నాన్న గ్లాసు పైకెత్తి, "రెండోదే! అదే నేలకి ఆనింది!" అని అరిచాడు. జంట చుట్లవే బిగించాను. ఈసారి రెండూ కలిపి విన్నాను, ఒకసారి కాదు, విసుగొచ్చేదాకా.

నిన్న సాయంత్రం అదే ఊరు, అవే లైటింగ్ బోర్డులు. గిటారు తగిలించి అలవాటుగా మెల్లిగా తిరిగాను. జోరీగ లేదు. ఇంకొంచెం తిరిగాను, లేదు. చుట్టూ తిరిగి వచ్చినా లేదు. ఎక్కడ ఆగాలో తెలియలేదు. పాడే అమ్మాయి, "ఏంటక్కా, ఏం వెతుకుతున్నావ్?" అంది. వైరు చిక్కుపడిందని అబద్ధం చెప్పాను.

కింద నాన్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

"ముందు వరుసలోనే వేసుకో నాన్నా. జోరీగ లేదు. ఎటైనా తిరగొచ్చు."

"నువ్వు ఎటైనా తిరుగు" అని నాన్న కుర్చీ నెత్తి మీద పెట్టుకున్నాడు. "నాకు చోటు ఆయన చూసి పెట్టాడు కదే." జనరేటర్ పక్కకి నడిచి, ఆ పొగలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పూతరేకుల పెట్టెలో ముగ్గుపిండి పొట్లం ఒకటి మిగిలి ఉంది, జేబులో వేసుకుని తెచ్చాను. వంగి రెండు గీతలు గీసుకున్నాను. జనానికి వీపు పెట్టి, మొదటి పాట అటే వాయించాను.