బేస్‌మెంట్‌లో కరివేపాకు పొద్దు

కరివేపాకు విషయంలో మా అత్తగారి నోరు నేనే మూయించానని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతారు. శుద్ధ అబద్ధం. ఓడింది నేను.

ఎనభైల మొదట్లో, మిషిగన్ చలికి భయపడి కరివేపాకు కుండీని బేస్‌మెంట్‌లోకి దించి ట్యూబ్‌లైట్ల కింద పెట్టాం. పొద్దున పదికి వెలిగి రాత్రి పదికి ఆరేలా టైమర్ బిగించాం. ఆ చలికాలం అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చారులోకి రెబ్బ తుంచబోయాను. బయట అప్పటికే చీకటి.

"దీపాలు పెట్టాక మొక్క మీద చెయ్యేస్తావుటే? నిద్రపోతుంది కదా!" అన్నారు.

"దీనికింకా పగలే అత్తయ్యా! లైటు చూడండి," అని తుంచేశాను. ఆవిడ లైటు కేసి ఓసారి చూసి పైకి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఉప్మాలోకని కిందికి దిగాను. లైటు ఇంకా వెలగలేదు.

"ఆగు! దానికిప్పుడు రాత్రి. నువ్వే చెప్పావుగా," అన్నారు మెట్ల మీద నుంచే.

బయటేమో మంచు మీద ఎండ కళ్ళు చెదరగొడుతోంది! నాకు నవ్వాగలేదు, ఆవిడకీ ఆగలేదు. ఆ రోజు ఉప్మా కరివేపాకు లేకుండానే తిన్నాం.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఆ ఉదయం టైమర్ కంటే ముందే లైటు స్విచ్ నేనే వేసి ఉంటే, మొక్కకు తెల్లవారినట్టా, నిద్ర చెడగొట్టినట్టా?