అక్షరానికింత

ఆ వీధిలో దుకాణాల పేర్లన్నీ పొట్టివే. దానికి కారణం బోర్డులు రాసే పెద్దాయన. నలభై ఏళ్లుగా ఆయన రేటు ఒక్కటే, అక్షరానికింత. బేరానికి దిగినవాళ్లను పేరు తగ్గించుకోమనేవాడు తప్ప తాను రేటు తగ్గించేవాడు కాదు. ‘నాణ్యమైన సైకిల్ మరమ్మతుల కేంద్రం’ అని రాయించుకుందామని వచ్చిన మనిషి చివరికి ‘సైకిల్’తో సరిపెట్టుకుని వెళ్లాడు. వీధి ఆయనకు పెట్టిన పేరు మాత్రం పొడుగుదే: అక్షరానికింత మామయ్య.

ఆయన కోడలికి కుర్చీలు బాగుచెయ్యడం వచ్చు. ఎనిమిదేళ్లు ఒకరి దగ్గర పనిచేసి, పోయిన నెలే సొంతంగా ఒక గది అద్దెకు తీసుకుంది. ఊడిన కాళ్లు బిగిస్తుంది, కుంగిన అల్లిక విప్పి మళ్లీ అల్లుతుంది. కొత్త కాలు కావాలంటే మాత్రం ఇంకొకరి లేత్ మిషన్ మీద చెక్కించుకోవాలి. వారం రోజులు వాళ్ల చుట్టూ తిరగడం, వచ్చిందాంట్లో సగం అక్కడే వదిలిరావడం. అందుకే రెండేళ్లుగా చెక్క పనికి పనికొచ్చే పాత లేత్ ఒకటి కొనడానికి డబ్బు కూడబెడుతోంది.

దుకాణానికి ఏం పేరు పెట్టాలని అడిగితే మామగారు తన వృత్తి ధర్మం ప్రకారం చెప్పాడు. ఒక్క మాట చాలు, పొట్టి పేరు చవక, దూరానికి కనపడుతుంది. ‘కుర్చీ’ అని ఎర్రగా రాసి, పసుపు నీడ కొట్టి, కింద జానెడు ఖాళీ వదిలాడు. అక్కడ ఇంటర్నెట్ చిరునామా రావాలి. ఈ రోజుల్లో అదీ ఉండాలని ఆయనే అన్నాడు.

ఆ చిరునామా కొందామని కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ‘కుర్చీ’ ముందు పెట్టి వెనక డాట్ కామ్ తగిలిస్తే చెబుతున్న ధర, ఆమె చూసిపెట్టుకున్న లేత్ ధరకు దాదాపు సమానం.

సున్నాలు సరిగ్గా లెక్కపెట్టమన్నాడు మామయ్య. లెక్కపెట్టింది. అప్పుడాయన కోడలి ఫోన్ తీసుకుని, ఆ చిరునామా అమ్మే మనిషికి తానే ఫోన్ చేశాడు. అక్షరానికి ఎంత పడుతుందని అడిగాడు. అవతలి మనిషి మర్యాదగానే నవ్వాడు. పోనీ ఇంకో నాలుగక్షరాలు కలిపి తీసుకుంటాం, రేటు చూసి చెప్పమన్నాడు మామయ్య. కలిపితే ధర పడిపోతుందని, ఇంకో పది కలిపితే తన దగ్గర కొననే అక్కర్లేదని ఆ మనిషి చెప్పాడు. శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాను, తర్వాత ధర పెరుగుతుందన్నాడు. మామయ్య ఫోన్ పెట్టేసి చాలాసేపు బ్రష్షు కడుగుతూ ఉండిపోయాడు.

కోడలు నెమ్మదిగా వివరించింది. పొట్టి మాట ఒకసారి వింటే గుర్తుంటుంది, తప్పు లేకుండా కొట్టొచ్చు. కుర్చీలతో పని ఉన్న ప్రతివాడికీ అదే కావాలి, ఉన్నది మాత్రం ఒక్కటే. దాన్ని ఎవరో ఎప్పుడో కొని పెట్టుకున్నారు.

“అంటే బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టా?”

“అంతే మామయ్యా. ఇరవై ఏళ్ల కిందట వేశాడు. ఎక్కింది లేదు, దిగింది లేదు.”

డాట్ కామ్ బదులు ఇంకో తోక తగిలిస్తే మొదటి ఏడాది కారుచౌకగా వస్తుంది. రెండో ఏటి ధర కింద చీమతలంత అక్షరాల్లో ఉంది. ఆమె దాన్నీ చదివింది.

గురువారం నాడు ఆమె బ్యాంకు కార్డు ముందు పెట్టుకుని కూర్చుంది. మామయ్య చూశాడు.

“లేత్ సంగతేంటి?”

“తర్వాత చూద్దాం. బోర్డు రాసేశారు కదా. అందరికీ చెప్పుకున్నాం కూడా.”

“నేను రాశానని కొంటున్నావా?”

నలభై ఏళ్లలో ఆయన తాను రాసిన బోర్డు చెరిపింది లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెబుతుంటాడు.

“సలహా నాది, తప్పు నాది. కార్డు లోపల పెట్టు. నీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏమని అడుగుతూ వస్తున్నారు?”

“విరిగిన కుర్చీలు బాగుచేసేది ఇక్కడేనా అని.”

‘ఇక్కడేనా’ తీసేసి చివర ‘చోటు’ చేర్చి, ఆ మాటలన్నీ కలిపి ఫోన్‌లో కొట్టి చూసింది. ఎవరూ రుమాలు వెయ్యలేదు. ఏడాదికి ఒక జత చెప్పుల ధర, రెండో ఏడూ అంతే. అప్పటికప్పుడే తీసుకుంది.

శుక్రవారం పొద్దున ఎర్ర అక్షరాల మీద తెల్లరంగు పడింది. అది ఆరాక మామయ్య సుద్ద దారం లాగి గీతలు కొట్టుకున్నాడు. ‘విరిగిన కుర్చీలు బాగుచేసే చోటు’ ఒక వరుసలో పట్టలేదు, రెండు చేశాడు. వీధిలో అంత పొడుగు బోర్డు ఇంకొకటి లేదు. సైకిల్ దుకాణం మనిషి బయటికొచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదివి, తనకెందుకు రాయలేదని నిలదీశాడు. నువ్వు నా కోడలివి కావు అన్నాడు మామయ్య.

సాయంత్రం రెండో వరుస ముగింపుకొచ్చేసరికి కోడలి ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసింది.

“ఏమంటున్నాడు?”

“సగానికి దిగాడు.”

మామయ్య నిచ్చెన మీద ఆగిపోయాడు. సగమంటే సగం లేత్ మిగులుతుంది. బ్రష్షు కొసన రంగు చుక్క కట్టింది.

“ఏం చెప్పావు?”

“రుమాలు తీసి దులుపుకోమన్నాను. ఇంకా ఎన్ని అక్షరాలున్నాయి?”

“ఒకటి.”

“కానివ్వండి మరి. లేత్ అమ్మే ఆయన ఏడింటికి కొట్టు కట్టేస్తాడు.”