ముల్లు దానంతటదే దిగిన మధ్యాహ్నం

మామ్మగారు పోయారని పోయిన గురువారం నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. అమెరికాలో, ఈ నోవై ఊళ్ళో నేను అద్దెకుంటున్న బేస్‌మెంట్‌కి పై ఇంట్లో ఆవిడ కొడుకు దగ్గర ఉండేవారు. ఆయన్ని నేను అన్నయ్య అంటాను. "నిద్రలోనే పోయింది అమ్మ" అని మాత్రం చెప్పగలిగాడు. ఆ రోజు ఏడ్చాను. కానీ ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ఆవిడ గెలిచిన ఒక మధ్యాహ్నమే కళ్ళ ముందుకొస్తోంది.

తెనాలి నుంచి వచ్చేటప్పుడు ఆవిడ తన గ్రామఫోన్ రికార్డులన్నీ చీరల మడతల్లో పెట్టి తెచ్చుకున్నారు. ఎక్కువగా నాదస్వరం. అందరూ ఆఫీసులకు వెళ్ళాక వంట ముగించి, ఒక్కరే కూర్చుని వినేవారు. తర్వాత చేతులకు వణుకు వచ్చింది. ఒకరోజు ముల్లు చేతిలోంచి జారి, ఇష్టమైన రికార్డు మీద అడ్డంగా గీసుకుపోయింది. ఆవిడ రికార్డు ప్లేయర్ మీద తువ్వాలు కప్పేశారు.

"సాయంత్రం నేనొచ్చి పెడతా కదమ్మా" అన్నాడు అన్నయ్య.

"నాకు వినాలనిపించేది నీ ఆఫీసు టైము చూసుకుని కాదురా."

"పోనీ ఫోన్‌లో పెట్టుకో. అన్నీ ఉంటాయి."

"ఉంటే నువ్వు విను. కార్లు వాటంతటవే నడిచేలా చేస్తున్నావుట, ముల్లు దానంతటదే దిగే పెట్టె ఈ దేశంలో దొరకదుట్రా?"

అన్నయ్య ఆ రాత్రే ఒకటి ఆర్డర్ చేశాడు. పెట్టె మీద ఆటోమేటిక్ అనే ఉంది. తీరా చూస్తే పాట అయ్యాక ముల్లు తనే లేచేది కానీ, మొదట దింపాల్సింది మాత్రం మనమే. మామ్మగారు కాసేపు చూసి, "విస్తరి తీసే మనిషిని తెచ్చావు నాయనా. నాకు వడ్డించే మనిషి కావాలి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చదివి చెప్పవే" అన్నారు.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మందు సీసా మీది అక్షరాల నుంచి కరెంటు బిల్లు దాకా ఊళ్ళో అందరికీ నేనే చదివి పెట్టేదాన్ని. ఆ పని ఇక్కడ మామ్మగారు మళ్ళీ నాకు అప్పగించారు. ఆవిడ పక్కన కూర్చుని, ప్రతి ప్లేయర్ వివరాలూ చివరి లైను దాకా చదివి తెలుగులో చెప్పేదాన్ని.

"ఇది వద్దు మామ్మగారూ. బటన్ మూత లోపలుంది. మూత ఎత్తుతుంటే మీ చెయ్యి తగుల్తది."

"అయితే ముందుకి తెమ్మను బటన్ని."

చివరికి పూర్తిగా ఆటోమేటిక్‌ది దొరికింది. బటన్ ముందు వైపు, మూత బయటే. రికార్డు పెట్టి నొక్కితే చాలు, మిగతా అంతా అదే చూసుకుంటుంది. ఆవిడ చేతిలో రికార్డు నేను మాటిమాటికీ అందుకోబోతుంటే ఆవిడ ఒకమాట అన్నారు, ఇప్పటికీ మర్చిపోలేదు: "అడక్కుండా చేస్తే అది సాయం కాదే, పెత్తనం."

అది వచ్చింది దసరా రోజుల్లో. మామ్మగారు కుంకుమ భరిణె తెచ్చారు. "రికార్డు మీద రాలుతుందమ్మా!" అని అన్నయ్య గోల. ఆవిడ స్టార్ట్ బటన్ మీద మాత్రం ఒక్క బొట్టు పెట్టి, "కళ్ళజోడు లేకపోయినా ఏది నొక్కాలో ఇప్పుడు తెలుస్తుంది" అన్నారు. గ్రైండర్ పెట్టే బరువైన బల్లని తన నడుమెత్తు ఉందని ఖాళీ చేయించి, ప్లేయర్ దాని మీద పెట్టించుకున్నారు. మమ్మల్నిద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టారు.

మోచేతులు బల్లకి ఆనించి, రెండు అరచేతుల మధ్య రికార్డు పట్టుకుని దింపారు. నడిమి చిల్లు తప్పిపోయింది. మళ్ళీ తప్పింది. అన్నయ్య లేవబోయాడు.

"కూర్చో."

ఈసారి రికార్డు కుదురుకుంది. బొట్టు మీద వేలు నొక్కారు. ముల్లున్న చిన్న కడ్డీ లేచి, రికార్డు అంచు దాకా వెళ్ళి, మెల్లగా ముల్లుని దింపింది. కాస్త గరగర, ఆ వెంటనే గదంతా నాదస్వరం. గీత పడ్డ చోటల్లా టక్కు టక్కుమంటూనే, ఆగకుండా సాగిపోయింది. అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఏడుపెందుకురా, పెళ్ళి సన్నాయి వినపడుతుంటే!" అని ఆవిడ పకపకా నవ్వారు.

మొదటి వైపు అయిపోయింది. కడ్డీ తనే లేచి తన చోటికి వెళ్ళిపోయింది. అలవాటు కొద్దీ ఇద్దరం లేచాం.

"ఎవరూ రాకండి. రెండో వైపు ఉంది."

ఆవిడ మళ్ళీ మోచేతులు ఆనించి, రికార్డు పైకి తీసి తిరగేస్తున్నారు. కిటికీలోంచి పడ్డ ఎండ ఆ నల్లటి పళ్ళెం మీద అటూ ఇటూ వణుకుతోంది. ఆవిడకి తొందరేమీ లేదు.